యంత్రం చూడని చోటు

బావ మాత్రలు మింగడం లేదన్న సంగతి లోకమంతటికీ తెలుసు, ఒక్క బావకు తప్ప.

అక్కకు తెలుసు. ఛాతీ ఆసుపత్రి డాక్టరుకు తెలుసు. కౌంటరులో మాత్రలిచ్చే నర్సుకు తెలుసు. పై వాటా వాళ్ళకూ తెలుసు, ఎందుకంటే అక్క గొంతు ఏనాడూ ఒక్క వాటాతో సరిపెట్టుకోలేదు.

“నోరు తెరవండి.”

“తెరిచాగా.”

“నాలుక ఎత్తండి. ఇటు బుగ్గ. ఇప్పుడు అటు.”

“పెళ్ళైన ఇన్నేళ్ళకి నా మొహం ఇంత దగ్గరగా చూస్తున్నావు. జబ్బొచ్చినా మంచిదే అయింది” అన్నాడు బావ నోరు మూయకుండానే.

ఆఫీసుకు వెళ్తూ దారిలో వాళ్ళింటికి వచ్చి, గుమ్మంలో ఒక కాలి చెప్పు విప్పి నిలబడ్డ చిట్టికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. బనీను పైన బావ మెడ కింది ఎముకలు హ్యాంగరులా పొడుచుకొచ్చి ఉన్నాయి. పోయిన నెలలో ఇంతలా లేవు.

“చూశావా చిట్టీ, ఎట్లా అయిపోయారో” అంది అక్క వంటింట్లోకి వెళ్తూ. “మందు లోపలికి పోతే మనిషి ఇట్లా అవుతాడా? ఎక్కడ ఉమ్మేస్తున్నారో, ఏ కుండీలో పూడ్చిపెడుతున్నారో.”

“నిజంగా మింగుతున్నానే. ఒట్టు.”

ఆ మాటతో అక్క వంటింట్లో గిన్నె గట్టిగా కింద పెట్టింది. బావ వేసిన ఒట్లన్నీ తీసి గట్టు మీద పెడితే ఆ బరువుకు గట్టే కూలుతుంది. సిగరెట్లు మానేశానని పిల్లాడి తల మీద ఒట్టు పెట్టి, బట్ట మీద గీతలు గీసే సుద్దల పెట్టెలో సిగరెట్లు దాచుకున్న మనిషి ఆయన. బట్టలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టరు. అక్కడి వాళ్ళు ‘కోతల మాస్టరు’ అంటారు. ఆ కోతలు కత్తెరవో నాలుకవో ఎవరూ విడమరిచి చెప్పరు. ఒకసారి కొలత చూడకుండా కంటిచూపుతోనే నూరు చొక్కాలు కోశానని చెబుతాడు. ఆ నూటిలో ఎన్నిటికి చేతులు సరిపోయాయో మాత్రం చెప్పడు.

టీబీ అని తేలిన రోజు ఆసుపత్రి యంత్రం రెండు సంగతులు చెప్పింది. కఫంలో క్షయ క్రిమి ఉంది. ముఖ్యమైన మందుకు ఆ క్రిమి లొంగుతుంది. రెండో మాట విని అక్క కళ్ళు తుడుచుకుంది. మొదటి నెల జ్వరం తగ్గింది, ఆకలి వేసింది. ఆ తర్వాత సాయంత్రమయ్యేసరికి మళ్ళీ ఒళ్ళు కాలడం మొదలైంది. డాక్టరు కొత్త ఎక్స్‌రేని వెలుతురుకు ఎత్తి చూసి బావ వంక తిరిగాడు.

“మందుకు లొంగే క్రిమి, మందు వేసుకుంటే తగ్గాలి. తగ్గలేదంటే మీరు వేసుకోవడం లేదు. ఇందులో నాకు అర్థం కానిదేమీ లేదు.”

నిజానికి చిట్టికి కూడా ఆ రోజున అర్థం కానిదేమీ కనబడలేదు. పైగా ఆమె పని కూడా అదే. ఆసుపత్రి వెనక ప్రహరీని ఆనుకుని ఉన్న పరిశోధనశాలలో ఆమె క్షయ క్రిముల జన్యువులు చదువుతుంది. ఎవరైనా అడిగితే అక్క, “మా చెల్లెలు పురుగులకి చుట్టరికాలు కలుపుతుంది” అని చెబుతుంది. అందులో కొంత గర్వం, కొంత ఎత్తిపొడుపు.

ఆ ఉదయం మాత్రం మెడ కింది ఎముకలు ఆమె కళ్ళను వదలలేదు. బస్సులో నిలబడి ఉండగా ఒక సంగతి తట్టింది. టీబీ మాత్రల్లో ముఖ్యమైనది వేసుకున్న వాళ్ళకు మూత్రం ఎర్రబడుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు ఎవరైనా మాత్ర వేసుకునే వెళ్తారు. ఎవరూ ఊహించని రోజున చూడాలి.

రెండు రోజులాగి మధ్యాహ్నం పూట, అక్క పనికి వెళ్ళిన వేళ, చెప్పకుండా వెళ్ళింది. బావ మంచం మీద పడుకుని గోడకేసి చూస్తున్నాడు. చిట్టి సంచిలోంచి మూతున్న ప్లాస్టిక్ డబ్బా తీసింది.

“బావా, దీంట్లో పోసి ఇవ్వు.”

“ఏం పోయాలి?”

చిట్టి చెప్పింది. బావ లేచి కూర్చున్నాడు.

“ఇంత చదువూ దీనికా చదివావు నువ్వు?”

“వెళ్ళు బావా.”

“మీ అక్క పంపిందా?”

“అక్కకు తెలీదు. వెళ్తావా, లేదా?”

గొణుక్కుంటూ వెళ్ళాడు. తిరిగొచ్చి డబ్బాను కిటికీ గట్టు మీద పెట్టి మొహం పక్కకు తిప్పుకున్నాడు. పగటి వెలుగులో అది మాగిన నారింజ రంగులో ఉంది. చిట్టి డబ్బాను ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. ఆ వారంలోనే మరోసారి వెళ్ళి చూసింది. అదే రంగు.

“ఇప్పటికైనా నమ్ముతావా?” అన్నాడు బావ. గొంతులో ఎకసెక్కం లేదు. “జన్మలో మొదటిసారి చెప్పినమాట చెప్పినట్టు చేస్తున్నా. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నమ్మరు.”

మాత్రలు మింగకపోవడమే రోగమైతే ఎంత బాగుండేది అనుకుంది చిట్టి మెట్లు దిగుతూ. దానికి అక్క గొంతు చాలు.

*

డాక్టరు చెడ్డవాడేమీ కాదు. వసారా నిండా రోగులు, గదిలో ఒక్క కుర్చీ. చిట్టి వెళ్ళి బావ కఫం తన ల్యాబుకు పంపమని అడిగితే, “మీ తృప్తి కోసం పంపుతాను, తీసుకెళ్ళండి” అన్నాడు. ఆ ‘తృప్తి’ అన్న మాట ఆమెకు ముల్లులా దిగింది.

క్షయ క్రిమికి తొందర తెలీదు. మిగతా బాక్టీరియాలు అరగంటకో తరం చొప్పున పుట్టుకొస్తుంటే, ఇది రోజుకోసారి రెండుగా చీలితే గొప్ప. వెచ్చని గదిలో అరల మీద పేర్చిన సీసాల ముందు చిట్టి వారాల తరబడి నిలబడింది. ఆ గదిలోకి వెళ్ళాలంటే మాస్కు, గౌను, రెండు జతల చేతి తొడుగులు. వెళ్ళడం, చూడటం, ఏమీ లేదని రావడం. మధ్యలో ఒకసారి కరెంటు హెచ్చుతగ్గులకు జన్యువులు చదివే యంత్రం మొరాయించింది. దాని మెకానిక్కు పక్క నగరం నుంచి రావాలి. వచ్చినవాడు పెట్టె తెరిచి, కావలసిన భాగం తీసుకురాలేదని చెప్పి వెళ్ళిపోయాడు. ఇవతల బావ దగ్గు పెరుగుతోంది. రాత్రి రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే గాని పడుకోలేకపోతున్నాడని అక్క ఫోనులో చెప్పింది. “ఇంకా దొంగవేషాలే” అని కూడా అంది, కాని ఆ మాటలో పూర్వపు పట్టు లేదు.

చివరికి సీసాలో గరుకు గరుకుగా, ఎండిన రొట్టె నలిపి చల్లినట్టు క్రిములు పెరిగాయి. మందు కలపని సీసాలో పెరగడం మామూలే. మందు కలిపిన సీసా పరీక్ష గడువు నాటికి ఖాళీగానే ఉంది. నియమం ప్రకారం ‘మందుకు లొంగుతుంది’ అని రాసి దాన్ని పారేయాలి. చిట్టికి మనసొప్పలేదు. మళ్ళీ లోపల పెట్టింది. మరో రెండు వారాలకు మందు కలిపిన సీసాలోనూ చిన్న చిన్న పలుకులు తేలాయి. నింపాదిగా, ఎవరినీ లెక్కచేయనట్టు.

యంత్రం బాగుపడ్డాక చిట్టి ఆ క్రిమి జన్యువు చదివింది. తప్పు ఎక్కడుందో అప్పుడు కనబడింది.

క్షయ క్రిమి ఇంకొక క్రిమి దగ్గర జన్యువులు అరువు తెచ్చుకోదు. తల్లికి ఉన్నదే కూతురికి. నకలు తీసేటప్పుడు ఎక్కడైనా ఒక్క అక్షరం మారిందంటే ఆ మార్పు కూతురికీ, మనవరాలికీ, ఆ వంశం నిలిచినంత కాలమూ పోతుంది. ఆ మార్పులను పట్టుకునే చిట్టి ఏ క్రిమి ఎవరి సంతతో చెబుతుంది. చాలా మార్పులు దేనికీ పనికిరావు. ఎప్పుడో ఒకటి మాత్రం మందు వచ్చి అతుక్కునే చోట పడుతుంది. మందుకు పట్టు దొరకదు. మిగతా క్రిములన్నీ చస్తుంటే అది బతుకుతుంది.

ఆసుపత్రి యంత్రం ఆ జన్యువంతా చదవదు. అలాంటి మార్పులు ఎక్కువగా కనబడే చిన్న ముక్కను మాత్రం చదివి గంటల్లో జవాబు చెబుతుంది. నూటికి తొంభై పైచిలుకు సార్లు ఆ జవాబు సరిపోతుంది. బావ ఊపిరితిత్తుల్లో ఉన్న క్రిమికి అక్షరం మారింది ఆ ముక్క దాటాక, కొంచెం అవతల. అంటే యంత్రం చూడని చోట.

చిట్టి పాత నమూనాల వంశవృక్షంలో ఆ మార్పు కోసం వెతికింది. ఒకే కొమ్మ మీద మరో రెండు దొరికాయి. రెండూ ఈ ఆసుపత్రివే. ఒకతను వేరే ఊరు వెళ్ళిపోయాడు. రెండోది ఒక ఆడమనిషి. బావ పనిచేసే కార్ఖానాలోనే గుండీల కాజాలు కుట్టేది. చనిపోయి రెండేళ్ళు కావస్తోంది. ఇద్దరికీ చికిత్స విఫలమవడానికి ఆసుపత్రి చెప్పిన కారణం ఒకటే. మందులు సరిగా వేసుకోలేదని.

*

పరిశోధనశాల అధిపతిని అందరూ పెద్దాయన అంటారు. చిట్టి చెప్పింది విని, తెర మీద ఉన్న ఆ కొమ్మను చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“అద్భుతం!”

“సార్?”

“ఎంత తెలివైన మార్పో చూడమ్మా. మామూలుగా మందు నుంచి తప్పించుకునే క్రిమి బలహీనపడుతుంది, నెమ్మదిగా పెరుగుతుంది, మిగతావాటితో పోటీ పడలేదు. ఇది ఆ నష్టాన్నీ పూడ్చుకున్నట్టుంది. మనిషి నుంచి మనిషికి దిట్టంగా పాకుతోంది. వ్యాసం రాయి. కాకపోతే మూడు కేసులంటే మరీ చిన్నది. ఇంకో పది దొరికితే మంచి పత్రికకు పంపొచ్చు.”

“ఇంకో పది దొరకాలంటే ఇంకో పదిమందికి రావాలి సార్.”

పెద్దాయనకు ఆ మాటలోని వేడి తగిలినట్టుంది. గొంతు తగ్గించాడు. “మన ఫలితం చికిత్సకు వాడటానికి అనుమతి లేదు. నీకు తెలియంది కాదు. అనుమతి ఇవ్వాల్సింది నిపుణుల సంఘం. వాళ్ళకి రాద్దాం. వచ్చే సమావేశంలో పెడతారు.”

“అదెప్పుడు?”

“వానాకాలం పోయాక ఉంటుంది.”

“ఆసుపత్రి యంత్రం కలుపు తీస్తోంది సార్” అంది చిట్టి. “కనబడ్డ ప్రతి మొండి క్రిమినీ పట్టుకుని వేరే మందులతో చంపుతోంది. కనబడని దాన్ని ‘నువ్వు మంచిదానివే’ అని వదిలేస్తోంది. చేనులో కనబడిన కలుపంతా పీకితే మిగిలేదేమిటి? ఇంకొన్నేళ్ళకి ఊరంతా ఇదే ఉంటుంది. దాన్ని పెంచుతున్నది మనమే.”

“నిజమే. బాగా చెప్పావు. వ్యాసంలో ఆ మాట పెట్టు.” ఆయన మెల్లగా అన్నాడు. “ఇంకో సంగతి. రోగి నీ బావ. రేపు ఎవరైనా అంటారు, సొంతమనిషి కాబట్టి గడువు దాటినా సీసా పారేయలేదని. ఇంకొకళ్ళ చేత మళ్ళీ చేయించడం మంచిది.”

మళ్ళీ అంటే మళ్ళీ వారాలు. చిట్టి బయటికొచ్చి నల్లా తిప్పి చల్లటి నీళ్ళతో మొహం కడుక్కుంది. పరాయివాడైతే ఆ సీసా పారేసేదాన్నే కదా అన్న ఆలోచన అప్పుడొచ్చింది. పారేసినవి ఇదివరకు ఎన్ని ఉండి ఉంటాయో. ఆయన మీద కోపం అంతా తన మీదికి మళ్ళింది. అలా మళ్ళినందుకు మరింత కోపం వచ్చింది.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళి ఇద్దరికీ చెప్పింది. బావ మంచం మీద, అక్క కింద గోడకు ఆనుకుని కూర్చున్నారు. చిట్టికి తెలిసిన మాటల్లో చెప్పింది. క్రిమి రాతలో అక్షరం మారిందని, యంత్రం అక్కడ చూడదని, మూత్రం రంగు తాను రెండుసార్లు వచ్చి చూశానని, బావ మింగిన ప్రతి మాత్రా మింగినట్టేనని.

బావ నవ్వబోయాడు. దగ్గొచ్చింది. చాలాసేపు దగ్గి, తుండుతో మూతి తుడుచుకున్నాడు. “బాగుంది. నేను నిజం చెబితే పురుగు అబద్ధం చెప్పిందన్నమాట. నాకన్నా మొనగాడే.”

అక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. అక్కడినుంచి ఏ చప్పుడూ రాలేదు. చిట్టి వెళ్ళి చూస్తే, వెలిగించని పొయ్యి ముందు నిలబడి ఉంది.

“రోజూ పొద్దున్నే దొంగని నిలబెట్టినట్టు నిలబెట్టాను చిట్టీ” అంది అక్క. “పిల్లాడి ముందు. పై వాటా వాళ్ళు వినేట్టు.”

“నీకెట్లా తెలుస్తుందక్కా?”

“నీకు తెలిసిందిగా. నువ్వు వెళ్ళి చూశావు. మొగుడి మాట నమ్మడానికి నేనొక్కసారి చూసి ఉండొచ్చు కదా.” కొంగుతో మొహం తుడుచుకుని చటుక్కున ఇటు తిరిగింది. “సరే. ఆ వేరే మందులు ఎవరిస్తారు? ఎవరి కాళ్ళు పట్టుకోవాలి? ఎవరి పీక పట్టుకోవాలి?”

*

నియమాల్లో ఒక సందు ఉంది. మందులు క్రమం తప్పకుండా వేసుకున్నా జబ్బు తగ్గని రోగికి, యంత్రం ఏమన్నా సరే, వైద్యుడి మాట మీద వేరే మందులు మొదలుపెట్టొచ్చు. అడ్డమల్లా ‘క్రమం తప్పకుండా’ అన్న ముక్క. బావ విషయంలో డాక్టరు దానికి సరిగ్గా తిరగేసి రాసి ఉన్నాడు. అంటే ఆ డాక్టరే తాను రాసింది తప్పని కొట్టేయాలి.

మర్నాడు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆయన గదిలోకి వెళ్ళారు. చిట్టి తన కాగితాలు తీసేలోగానే అక్క సంచిలోంచి ఒక సీసా తీసి ఆయన ముందు పెట్టింది. నారింజ రంగు.

“ఇది ఇవాళ్టిది. నిన్నటిది ఇంట్లో ఉంది. నమ్మకపోతే రేపటిది కూడా తెస్తాను.”

“అమ్మా! టేబుల్ మీద పెట్టకండి.”

“పెడతాను. ఎన్ని నెలలుగానో నా మొగుణ్ణి అబద్ధాలకోరని అన్నారు. అబద్ధాలకోరే, నాకు తెలీదా? ఈ ఒక్క విషయంలో కాదు.”

చిట్టి అక్క భుజం పట్టుకుని, కాసేపు బయట కూర్చోమని పంపింది. తలుపు మూశాక కాగితాలు డాక్టరు ముందు పరిచింది. ఆయన చదివాడు. ఆయనకు తెలియనిదేమీ కాదు. ఎక్కడో ఇలాంటి క్రిములు ఉన్నాయని విన్నాడు, తన వసారాలో ఉంటాయనుకోలేదు.

“ఇది చికిత్సకు పనికిరాదని మీ కాగితం మీదే ఉంది” అన్నాడు.

“అవునండీ. దీని మీద ఇవ్వమనడం లేదు. మా బావ మందులు సరిగా వేసుకున్నాడని మీరు రాస్తే చాలు.”

“మొన్న వేసుకోలేదని రాసి ఇవాళ వేసుకున్నాడని రాయమంటారు.”

“మొన్న రాసింది చూసి రాసింది కాదు కదండీ.”

ఆయన మొహం ఎర్రబడింది. “బయట చూశారా ఎంతమంది ఉన్నారో? ఒక్కొక్కళ్ళ ఇంటికీ వెళ్ళి చూడమంటారా నన్ను? నాలుగింట మూడు సార్లు వాళ్ళు మానేసే ఉంటారు. నేను చూసిన లోకం అది.”

చిట్టి వంశవృక్షం మీద బావ పక్కనున్న గీత మీద వేలు పెట్టింది. “ఈవిడ మీ పేషెంటే. కాజాలు కుట్టేది.”

డాక్టరు ఆ గీతను చాలాసేపు చూశాడు.

“గుర్తుంది” అన్నాడు చివరికి. “బక్కపల్చటి మనిషి. వచ్చినప్పుడల్లా వేసుకుంటున్నానండీ, వేసుకుంటున్నానండీ అని ఒకటే మాట. ఒకరోజు విసుక్కున్నాను. తర్వాత రావడం మానేసింది.” కుర్చీలో వెనక్కి వాలాడు. “ఇది నాకెందుకు చూపించారు మీరు?”

“మా బావ కూడా అదే అంటున్నాడని.”

ఆయన కలం అందుకున్నాడు. రాసి, సంతకం పెట్టి, కాగితం ఇటు తోశాడు. “అప్పట్లో ఉన్న సమాచారం అదే” అన్నాడు, చిట్టి లేచి వెళ్తుంటే. ఆమె తల ఊపింది. అది నిజమే. అయినా ఆమెకు ఆయన్ని ఓదార్చే ఓపిక లేకపోయింది.

*

కొత్త మందులు మనిషిని పిండి ఆరేశాయి. అరికాళ్ళు మంటలు, వాంతులు, ఒళ్ళంతా నల్లబడటం. “నన్ను కోసి ఇంకో బట్టతో కుట్టారు” అన్నాడు బావ అద్దం చూసుకుని. నెలన్నర తిరక్కుండా జ్వరం విడిచింది. కఫంలో క్రిములు కనబడటం మానేశాయి. కాని కుడి ఊపిరితిత్తి పై భాగాన్ని జబ్బు తిన్నంత మేర తినేసింది. అది మళ్ళీ రాదని, బరువు పనులు కుదరవని డాక్టరు చెప్పాడు. అక్క ఆ మాట విని ఇంటికొచ్చి, మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపి, ఇకనుంచి ఏ మాటకైనా ముందు “నిజమేనా?” అని అడగనని చెప్పింది. వారం రోజులు ఆ మాట మీద నిలబడింది కూడా.

అసలు పని మిగిలే ఉంది. క్రిమి కార్ఖానాలో తిరుగుతోంది. పొడవాటి హాలు, వరసగా మిషన్లు, కోసిన ముక్కలు ఎగిరిపోకుండా కిటికీలన్నీ మూసి ఉంచుతారు. చిట్టి మనుషుల్ని తీసుకుని పరీక్షలు చేయడానికి వెళ్తే యజమాని గుమ్మంలోనే ఆపాడు.

“మా దగ్గర ఎవరికీ దగ్గు లేదమ్మా.”

లోపల ఎవరో దగ్గుతూనే ఉన్నారు.

“అది దూది పడి” అన్నాడాయన.

రెండుసార్లు తిరిగింది. మూడోసారి బావ వస్తానన్నాడు. అప్పటికి ఆయన వల్ల ఎవరికీ అంటుకోదని డాక్టరు రూఢిగా చెప్పాడు. పాత మాస్టరు కాబట్టి యజమాని కాదనలేకపోయాడు. భోజనాల వేళ మిషన్లు ఆపి అందరూ చుట్టూ చేరారు. బావ కటింగ్ బల్ల మీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు. వాళ్ళు విరగబడి నవ్వారు.

“పురుగు అక్షరం మార్చుకుందా మాస్టరూ? చదువుకున్న పురుగా?”

“యంత్రం కళ్ళుగప్పిందట! ఈసారి కోత అదిరింది.”

పక్కన నిలబడ్డ చిట్టికి గొంతు చించుకుని అరవాలనిపించింది. ఇన్ని నెలలు పడ్డ పాట్లు వీళ్ళకు తమాషా. బావ కూడా నవ్వాడు. నవ్వుతూనే, “సరే, నమ్మకండి. ఒక తాను కోసి చూపిస్తా, అలవాటు పోయిందేమో” అని పెద్ద కత్తెర తీసుకున్నాడు. పరిచిన బట్టకు ఈ చివర మొదలుపెట్టి సగం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు. రెండు చేతులూ బల్లకు ఆనించి నోటితో గాలి పీల్చుకోసాగాడు. చెమటలు పట్టాయి. కత్తెర బట్టలోనే ఉండిపోయింది. ఇదివరకు ఆ బల్ల చుట్టూ పాటలు పాడుతూ తిరిగిన మనిషి. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఇస్త్రీ చేసే అతను ముందుకొచ్చి కత్తెరను బయటికి తీశాడు. “ఎక్కడ దగ్గాలో చూపించమ్మా” అన్నాడు చిట్టితో.

అతని కఫంలోనే క్రిమి దొరికింది. ఆసుపత్రి యంత్రం ఎప్పటిలాగే మందుకు లొంగుతుందని చెప్పింది. ఎక్కడ చూడాలో ఇప్పుడు తెలుసు కాబట్టి సీసాలో పెరిగేదాకా ఆగకుండా కఫాన్నే చదివిస్తే, చిట్టి యంత్రం అదే కొమ్మ, అదే మార్పు అని చెప్పింది. ఆమె కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఈసారి ఆయన గొడవపడలేదు, తల పట్టుకున్నాడు.

“మీ బావకి మందు విఫలమైందని రాశాను. ఇతను ఇంకా ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు. విఫలమైందని ఎట్లా రాయను?”

“అంటే ముందు పనిచేయని మందులు వేసుకుని, నెలల తరబడి చిక్కిపోయి, ఊపిరితిత్తి పోగొట్టుకుంటే అప్పుడు ఇస్తారా?”

“నియమం అట్లా ఉంది. నన్నేం చేయమంటారు?”

ఆ ఉదయమే ఇస్త్రీ అతనికి కౌంటరులో మామూలు మాత్రల పొట్లం ఇచ్చారు. చిట్టి అక్కడినుంచి నేరుగా పెద్దాయన గదికి వెళ్ళింది. ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆమె ఎదురు కుర్చీలో కూర్చుంది.

“నాలుగోది దొరికింది సార్. మీరు సంఘం అధ్యక్షుడికి ఇప్పుడు ఫోన్ చేసేదాకా నేను లేవను.”

“చిట్టీ, వానాకాలం పోయాక...”

“ఇతను నా బావ కాదు. నాకేమీ కాడు. నమూనా కూడా నేను ముట్టుకోలేదు, వేరేవాళ్ళ చేత చేయించాను. మీరు చెప్పినట్టే.”

వచ్చినాయన మెల్లగా లేచి వెళ్ళిపోయాడు. పెద్దాయన ఆమె వంక చూశాడు, గోడ వంక చూశాడు. ఫోన్ తీశాడు. అధ్యక్షుడు ఆ పూట దొరకలేదు. మర్నాడు దొరికాడు. వాదించాడు, ఇద్దరు ముగ్గురిని అడిగి చెబుతానన్నాడు. వారం పైన పట్టింది. చివరికి ఈ ఒక్క రోగికి, ప్రత్యేక సందర్భంగా, వేరే మందులు ఇవ్వొచ్చని కబురొచ్చింది. యంత్రం సంగతి, మిగతా రోగుల సంగతి మామూలు సమావేశంలోనే చూస్తామన్నారు. మధ్యలో ఎవరైనా వస్తే ఏం చేయాలని చిట్టి అడిగింది. మళ్ళీ రాయమన్నారు.

ఇస్త్రీ అతను కొత్త మందుల కోసం వచ్చిన రోజు చిట్టి కౌంటరు దగ్గర ఉంది. అతను పాత పొట్లం జాగ్రత్తగా చేతిలో పట్టుకొచ్చాడు.

“ఇవేం చేయమంటారమ్మా? సగం అట్లాగే ఉన్నాయి.”

“తిరిగి ఇచ్చేయండి.”

“పాడైపోయినవా?”

“మంచివేనండీ. మీ జబ్బుకి పనిచేయవు, అంతే.”

అతను పొట్లాన్ని కౌంటరు మీద పెట్టి, వెనక వరసలో నిలబడ్డ వాళ్ళను చూశాడు. మాస్కులు, దగ్గులు, చేతుల్లో చీటీలు. “మరి వీళ్ళకి పనిచేస్తాయా?”

చిట్టి వరస వంక చూసింది.

“తెలీదండీ” అంది.